రిపేరు షాపుకి ముద్ర లోను: తీసుకుని కడుతున్నవాడిగా నా రివ్యూ

సూర్యాపేటలో నాకు ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు ఉంది. సెల్‌ఫోన్లు ఎక్కువ, టీవీలు కొంచెం తక్కువ, ఎండాకాలం వస్తే కూలర్ మోటార్లు, ఇన్వర్టర్ బోర్డులు కూడా వస్తాయి. ప్రధానమంత్రి ముద్ర యోజన కింద కిశోర్ కేటగిరీలో మూడు లక్షల లోను తీసుకుని ఇప్పుడు ఈఎంఐలు కడుతున్నాను. ఈ లోను గురించి యూట్యూబ్‌లో వందల వీడియోలున్నాయి, కానీ అన్నీ కిరాణా షాపుకో పాల డెయిరీకో చెప్పినట్టుంటాయి, లేదంటే "ఆధార్ ఉంటే చాలు పది లక్షలు" అని మొదలవుతాయి. మన లైన్‌లో ఉన్నవాడు కూర్చుని రాసింది నాకెక్కడా కనపడలేదు, అందుకే కాస్త పొడుగైనా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నా, స్కీము మంచిది. పనిముట్లు కొనుక్కోవడానికి ఇంతకంటే చవకగా మనలాంటివాళ్లకి డబ్బు దొరకదు. వడ్డీకి, తాకట్టు లేకపోవడానికి ఐదుకి నాలుగున్నర వేస్తాను. ఇచ్చే దగ్గర మాత్రం, రిపేరు షాపు ఎలా నడుస్తుందో తెలియని మనుషులకి మన పని మొదటినుంచీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ భాగానికి రెండు కూడా వెయ్యలేను.

చాలామంది ముద్ర అంటే ఒక బ్యాంకు అనుకుంటారు, "ముద్ర ఆఫీసు ఎక్కడన్నా" అని నన్నే అడిగినవాళ్లున్నారు. ముద్ర సంస్థ మనకి నేరుగా ఒక్క రూపాయి కూడా ఇవ్వదు. 2015 ఏప్రిల్ 8న మొదలైన ఈ పథకంలో లోను ఇచ్చేది మామూలు బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, మైక్రోఫైనాన్స్ సంస్థలు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలు). 50 వేల దాకా శిశు, అక్కడినుంచి 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. తరుణ్ తీసుకుని సరిగ్గా తీర్చినవాళ్లకి 20 లక్షల దాకా ఇచ్చే తరుణ్ ప్లస్ 2024 అక్టోబరులో వచ్చింది. ముద్రవాళ్లే రాసుకున్న వివరణలో పళ్ల బండ్లు, కూరగాయల వ్యాపారాలు, లారీలతో పాటు రిపేరు షాపులు అన్న మాట కూడా ఉంది. కాబట్టి "మీ వ్యాపారం ముద్ర కింద రాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి, అది అబద్ధం.

ఇక ప్రభుత్వ గ్యారంటీ. ఈ మాట విని మన వాళ్లు చాలా దూరం వెళ్లిపోతున్నారు. ఆ గ్యారంటీ బ్యాంకుకి. మనం కట్టకపోతే బ్యాంకు నష్టంలో కొంత భాగాన్ని సీజీఎఫ్ఎంయూ అనే గ్యారంటీ నిధి భరిస్తుంది, అంతే. మన అప్పు మన మీదే ఉంటుంది. తొంభై రోజులు దాటి వాయిదా బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, సిబిల్‌లో, అంటే మన అప్పుల రికార్డులో పడుతుంది, ఆ తర్వాత బండి లోను కూడా రాదు. "గవర్నమెంటు లోనే కదా, ఎలక్షన్లలో మాఫీ అవుతుందిలే" అని మా కాంప్లెక్సులోనే ఒక కుర్రాడు శిశు లోను కట్టడం ఆపేశాడు, ఇప్పుడు వాడికి ఏ బ్యాంకులోనూ పని కావడం లేదు. రైతు రుణమాఫీ వేరు, ఇది వేరు.

ఆ గ్యారంటీ వల్ల మనకొచ్చే లాభం ఒకటే, అయినా అది పెద్దదే. 10 లక్షల లోపు చిన్న వ్యాపార రుణానికి బ్యాంకు తాకట్టు అడగకూడదు. ఇది ఆర్‌బీఐ రూలు, మేనేజరు దయ మీద ఆధారపడేది కాదు. ఇంటి కాగితాలు, బంగారం, ఎఫ్‌డీ, ఏదీ అడగకూడదు. లోనుతో కొన్న మెషీన్లు, సరుకు బ్యాంకు పేరున హైపోథికేషన్ (వస్తువు మన దగ్గరే, అప్పు తీరేదాకా దాని మీద హక్కు బ్యాంకుది) ఉంటాయి, అది మామూలే, దానికి సంతకం పెట్టడంలో భయపడాల్సింది లేదు. నేను మొదట వెళ్లిన బ్రాంచిలో (పేరు అనవసరం) లక్ష రూపాయల ఎఫ్‌డీ వెయ్యమన్నారు, దాంతో పాటు ఒక ఇన్సూరెన్సు పాలసీ కూడా తీసుకుంటే "ఫైలు తొందరగా కదులుతుంది" అన్నారు. లక్ష రూపాయలు ఎఫ్‌డీ వేసే స్తోమత ఉంటే ఆ లక్షతో మెషీన్లే కొనుక్కునేవాణ్ని కదా. రూలు ఇది సార్ అని మర్యాదగానే చెప్పాను, "రూల్స్ మాకూ తెలుసు" అన్నారు, నేను వేరే బ్రాంచికి వెళ్లాను. ఈ ఎఫ్‌డీ అడగడం అనేది చాలా ఊళ్లలో ఉంది, తెలిసినవాళ్లు అందరూ చెబుతున్నారు. నాకు నిజంగా కోపం వచ్చే విషయం ఇదే. తాకట్టు పెట్టలేనివాడి కోసం తెచ్చిన పథకంలో తాకట్టు అడగడం.

రెండో బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసర్ మంచి మనిషి. షాపుకి వచ్చి చూశాడు. చూసి మొదట అడిగిన ప్రశ్న, "స్టాకు ఏది?"

ఇక్కడ ఆగి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రిపేరు షాపుకి లోను ఆగిపోయేది ఎక్కువగా ఈ ప్రశ్న దగ్గరే. బ్యాంకువాళ్లకి షాపు అంటే అల్మారాల నిండా సరుకు. బట్టల షాపైనా మెడికల్ షాపైనా లోపలికి రాగానే లెక్క కళ్లకి కనపడుతుంది. మన టేబుల్ మీద ఉన్న ఫోన్లు మనవి కావు, కస్టమర్లవి. మన దగ్గర ఉన్నవి నాలుగు డబ్బాల్లో చార్జింగ్ జాకులు, స్ట్రిప్పులు (లోపలి కనెక్షన్ పట్టీలు), ఐసీలు (బోర్డు మీది చిప్పులు), కొన్ని ఫోల్డర్లు (గ్లాసుతో కలిసిన డిస్‌ప్లేలు), ఇంకా పార్టుల కోసం దాచిపెట్టిన డెడ్ బోర్డులు. ఆ డెడ్ బోర్డుల పెట్టె నాకు ఎంత విలువైందో ఎలా చెప్పేది? మార్కెట్లో దొరకని పవర్ ఐసీ ఒకటి అందులోంచి తీసి వేస్తే వెయ్యి రూపాయల పని అవుతుంది. ఆయనకి అది తుక్కు. తప్పు ఆయనది కాదు, ఆయనకి ఎవరూ చెప్పలేదు. మన వ్యాపారంలో అమ్మేది చేతి పని, దానికి స్టాకు రిజిస్టరు ఉండదు.

కాబట్టి రిపేరు షాపువాడు స్టాకు చూపించడానికి తంటాలు పడకుండా పనిని చూపించాలి. నేను చూపించింది రెండు. ఒకటి, రసీదు బుక్కు. ఫోన్ తీసుకున్నప్పుడు మోడలు, కంప్లయింటు, ఐఎంఈఐ చివరి అంకెలు, ఒప్పుకున్న రేటు రాసి ఇచ్చే చీటీ, దాని కార్బన్ కాపీ. దొంగ ఫోన్ల గొడవ రాకుండా ఉండటానికి నేను ఎప్పటినుంచో రాస్తున్నాను, బ్యాంకులో అదే అక్కరకొచ్చింది. ఏ నెలలో ఎన్ని సెట్లు వచ్చాయి, లేబర్ ఎంత, పార్టు ఎంత అని అందులోంచి ఒక ఏడాది లెక్క తీసి పేపరు మీద పెట్టాను. రెండోది, క్యూఆర్ కోడ్. ఈ రోజుల్లో కస్టమర్లలో ముప్పావు వంతు ఫోన్‌పే, గూగుల్‌పే చేస్తున్నారు, ఆ డబ్బు మొత్తం బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రోజువారీగా కనపడుతుంది. చిన్న చిన్న మొత్తాలు, 150, 400, 1,200, వరసగా ఏడాది పొడుగునా. ఫీల్డ్ ఆఫీసర్ మొహం మారింది ఆ స్టేట్‌మెంట్ చూశాకే. లోను తీసుకునే ఆలోచన ఉంటే ఇవాళే షాపు పేరున కరెంట్ అకౌంట్ తెరిచి క్యూఆర్‌ని దానికి కలపండి. ఇంటి ఖర్చులు, చిట్టీలు, బావమరిదికి పంపిన డబ్బు అన్నీ కలిసిన సేవింగ్స్ ఖాతా స్టేట్‌మెంట్ పట్టుకెళ్తే అందులో వ్యాపారం ఎంతో ఎవరికీ అర్థం కాదు.

కాగితాలు పెద్దగా లేవు. ఆధార్, పాన్, షాపు అద్దె అగ్రిమెంటు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఫోటోలు, ఏడాది స్టేట్‌మెంట్, ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు). ఉద్యం పూర్తిగా ఉచితం, ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్, ఓటీపీతో మనమే చేసుకోవచ్చు, డబ్బులు అడిగే వెబ్‌సైట్లన్నీ ప్రైవేటువాళ్లవి. అందులో వ్యాపారం కోడ్ సరిగ్గా పెట్టుకోండి. ఫోన్ల రిపేరుకి 9512, కంప్యూటర్లకి 9511, టీవీలు, ఆడియో లాంటివాటికి 9521, మిక్సీ, ఫ్రిజ్ లాంటి గృహోపకరణాలకి 9522. నెట్ సెంటరువాళ్లు చేతికొచ్చిన కోడ్ కొట్టేస్తారు, సాధారణంగా రిటైల్ అమ్మకం అని. అలా పెడితే మళ్లీ పైన చెప్పిన స్టాకు ప్రశ్నే ఎదురవుతుంది. జీఎస్టీ లేదని వెనక్కి పంపితే చెప్పండి, ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటని సర్వీసు వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ప్రాజెక్ట్ రిపోర్టు అని ఒకటి అడుగుతారు. మా ఊళ్లో రెండు వేలు తీసుకుని చేసిచ్చేవాళ్లున్నారు. ఒక స్నేహితుడికి చేసిచ్చిన రిపోర్టు చూశాను, కిరాణా షాపు రిపోర్టులో పేరు మార్చారు, "పప్పు దినుసుల నిల్వ" అన్న వాక్యం అలాగే ఉంది. కిశోర్ స్థాయికి అంత పెద్ద రిపోర్టు అక్కర్లేదు. రెండు పేజీల్లో ఇప్పుడు నెలకి ఎంత పని వస్తోంది, ఏ పని మెషీన్ లేక బయటికి పంపుతున్నాను, మెషీన్ వస్తే ఆ పనిలో ఎంత మిగులుతుంది, వాయిదా ఎలా కడతాను అని రాయండి. నా లోను పాసవడానికి కారణం ఆ "బయటికి పంపుతున్న పని" లెక్క అని నా నమ్మకం. గ్లాసు మాత్రమే పగిలిన ఫోన్లు నేను హైదరాబాద్ పంపేవాణ్ని, అక్కడ ఓసీఏ (పారదర్శకమైన జిగురు పొర) లామినేషన్ మెషీన్ మీద గ్లాసు మార్చి తిరిగి బస్సు పార్శిల్‌లో పంపేవాళ్లు, కస్టమరు రెండు మూడు రోజులు ఆగాలి, నాకు మిగిలేది కమిషన్ లాంటి చిన్న మొత్తం. ఆ పని సూర్యాపేటలోనే చేస్తే మొత్తం లేబర్ నాదే. ఇది బ్యాంకువాళ్లకి వెంటనే అర్థమైంది.

మూడు లక్షలతో ఏం కొన్నానంటే, లామినేషన్ మెషీన్, సెపరేటర్ (వేడితో పగిలిన గ్లాసుని విడదీసేది), ట్రైనాక్యులర్ మైక్రోస్కోప్, మంచి హాట్ ఎయిర్ స్టేషన్, డీసీ పవర్ సప్లై, అల్ట్రాసోనిక్ క్లీనరు, యాంటీ స్టాటిక్ మ్యాటు, షాపుకి ఇన్వర్టరు. మార్జిన్ 20 శాతం నేను పెట్టుకోవాలన్నారు, అంటే 3.75 లక్షల ప్రాజెక్టులో 75 వేలు నావి. శిశు లోనుకి చాలా బ్యాంకులు మార్జిన్ అడగవు, కిశోర్‌కి అడుగుతాయి. మైక్రోస్కోప్ గురించి ఒక్క మాట. పాతికేళ్ల కుర్రాళ్లు కూడా భూతద్దం కింద ఐసీ రీబాలింగ్ (చిప్పు కింద టంకం గుండ్లు మళ్లీ వెయ్యడం) చేసి కళ్లు పాడుచేసుకుంటున్నారు. లోనులో మొదట కొనాల్సింది అదే అని నా అభిప్రాయం, డబ్బు సంపాదించే మెషీన్ల కంటే ముందు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బ్యాంకు డబ్బు మన చేతికి ఇవ్వదు, మెషీన్లకి కొటేషన్ ఇచ్చిన డీలరు ఖాతాకి నేరుగా వేస్తుంది. పద్ధతి మంచిదే. కానీ కోఠి గుజరాతీ గల్లీలోనో, జగదీశ్ మార్కెట్‌లోనో మనం ఎప్పుడూ కొనే చిన్న షాపులవాళ్లు చాలామంది జీఎస్టీ కొటేషన్ ఇవ్వరు, ఇస్తే 18 శాతం కలిపి ఇస్తారు. మనకి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ 18 శాతం వెనక్కి రాదు. అంటే ఖర్చు అంత పెరిగినట్టే, దీన్ని ప్రాజెక్టు లెక్కలో ముందే వేసుకోండి. అయినా బిల్లుతో కొనడమే నయం. నా సెపరేటర్ ప్లేటు వేడెక్కడం మానేసినప్పుడు బిల్లు ఉంది కాబట్టే మార్చి ఇచ్చారు.

సరుకు మాత్రం టర్మ్ లోనుతో కొనకండి. ఐదేళ్లలో కట్టే డబ్బుతో ఫోల్డర్లు కొంటే, ఆ మోడలు రెండేళ్లకే రోడ్ల మీద కనపడదు, పెట్టెలో ఫోల్డర్లు మిగిలిపోతాయి, ఈఎంఐ ఇంకా మూడేళ్లు ఉంటుంది. స్పేర్ల కోసం వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ సరుకు కొనుక్కునే డబ్బు) విడిగా అడగాలి. ముద్ర కార్డు అని రూపే డెబిట్ కార్డు ఇస్తారు, అందులో పరిమితి ఉంటుంది, వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకే వడ్డీ. సీజన్లో పదిహేను వేలు తీసి డిస్‌ప్లేలు తెచ్చి, పని అయ్యాక తిరిగి వేసెయ్యొచ్చు. మన వ్యాపారానికి అతికినట్టు సరిపోయేది ఇదే, విచిత్రంగా బ్యాంకులో దీని గురించి వాళ్లంతట వాళ్లు ఎవరూ చెప్పరు. నేను అడిగితే "ముందు టర్మ్ లోను కట్టండి, తర్వాత చూద్దాం" అన్నారు. మీరు దరఖాస్తులోనే రెండూ రాయండి, మెషీన్లకి ఇంత, వర్కింగ్ క్యాపిటల్‌కి ఇంత అని.

వడ్డీ లెక్క కొస్తే, ముద్రలో వడ్డీ రేటు ప్రభుత్వం నిర్ణయించదు, బ్యాంకుని బట్టి మారుతుంది. మైక్రోఫైనాన్స్ దగ్గర ఇదే ముద్ర పేరుతో చాలా ఎక్కువ పడుతుంది, చూసుకోండి. నాది 11 శాతం, ఐదేళ్లు, ఈఎంఐ దాదాపు 6,520 రూపాయలు. ఐదేళ్లకి మొత్తం వడ్డీ 91 వేల చిల్లర. ఇదే మూడు లక్షలు మా దగ్గర బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 9,000 వడ్డీకే పోతుంది, ఐదేళ్లు కట్టినా ఐదు లక్షల నలభై వేలు వడ్డీ కింద పోయి అసలు మూడు లక్షలు అలాగే నిలబడి ఉంటుంది. డైలీ ఫైనాన్స్ ఇంకా ఘోరం, పది వేలని రాయించుకుని తొమ్మిది వేలు చేతిలో పెట్టి రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. చూడటానికి వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది, కానీ తీసుకున్న మర్నాటినుంచే అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి ఏడాది వడ్డీగా లెక్కిస్తే బ్యాంకు వడ్డీకి ఎన్నో రెట్లు తేలుతుంది. మా లైన్‌లో మంచి చేతి పనితనం ఉండి కూడా ఎదగని కుర్రాళ్లు చాలామంది ఇక్కడే ఇరుక్కున్నారు. సాయంత్రం ఏడింటికి కలెక్షన్ బాయ్ వస్తాడన్న టెన్షన్‌తో, తొందరగా డబ్బొచ్చే పని మాత్రమే తీసుకుంటారు, రెండు గంటలు కూర్చుంటే బాగయ్యే బోర్డు పనిని వెనక్కి పంపేస్తారు. పనిలో పైకొచ్చేది ఆ బోర్డు పనితోనే.

ముద్రలో సబ్సిడీ లేదు. ఇది చాలామందికి తెలియక తర్వాత గొడవపడతారు. సబ్సిడీ కావాలంటే పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) చూడాలి, అది కొత్తగా షాపు పెట్టేవాళ్లకి. ఖాదీ కమిషన్ నడుపుతుంది, మన జిల్లాలో జిల్లా పరిశ్రమల కేంద్రంలో వివరాలు చెబుతారు. సర్వీసు రంగంలో ప్రాజెక్టు 20 లక్షల దాకా ఉండొచ్చు, 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి, ఒక కుటుంబానికి ఒక్కరికే. ఉదాహరణకి ఒక బీసీ కుర్రాడు పల్లెటూళ్లో ఆరు లక్షలతో షాపు పెడితే తన వాటా 5 శాతం, అంటే 30 వేలు. సబ్సిడీ 35 శాతం, అంటే 2 లక్షల 10 వేలు. ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ, మహిళలు, దివ్యాంగులు, మాజీ సైనికులకీ ఇంతే. అదే టౌన్‌లో ఓసీ అయితే తన వాటా 10 శాతం, సబ్సిడీ 15 శాతం. టౌన్ అయినా ప్రత్యేక కేటగిరీకి 25 శాతం. ఈ సబ్సిడీ కూడా చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది, దానికి వడ్డీ రాదు, లోనులో అంత మొత్తానికి మనకీ వడ్డీ పడదు, షాపు నడుస్తోందని తేలాక అప్పులో సర్దుతారు. మూసేసిన షాపుకి సబ్సిడీ రాదు. అందుకే షాపు పెట్టబోయే తమ్ముళ్లకి నేను చెప్పేది, మొదటి రూపాయి ఖర్చు పెట్టే ముందే పీఎంఈజీపీ చూడండి, బోర్డు కట్టి పని మొదలుపెట్టాక అది కొత్త యూనిట్ కాదంటారు. పథకాన్ని 2025-26 దాకా పొడిగించారు, కాబట్టి దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లో పరిస్థితి చూసుకుని వెళ్లండి.

పని నేర్చుకునే దశలో ఉన్నవాళ్లకి ఆర్‌సెటీలు (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు) ఉన్నాయి, జిల్లాకొకటి లీడ్ బ్యాంకులు నడుపుతాయి, సెల్‌ఫోన్ రిపేరుకి నెల రోజుల ఉచిత శిక్షణ, ఉండటం, తినడం కూడా ఉచితం. నెల రోజుల్లో మెకానిక్ అయిపోరు, కానీ ఆ సర్టిఫికెట్ బ్యాంకులో పనికొస్తుంది.

రోడ్డు పక్కన గొడుగు కింద టెంపర్డ్ గ్లాసులు వేస్తూ చిన్న రిపేర్లు చేసే అన్నలకి పీఎం స్వనిధి ఉంది. 2020లో కోవిడ్ టైమ్‌లో వచ్చింది, మొదట 10 వేలతో మొదలయ్యేది, 2025లో మార్చాక మొదటిసారి 15 వేలు, అది తీరిస్తే 25 వేలు, అదీ తీరిస్తే 50 వేలు. టైముకి కట్టేవాళ్లకి 7 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. మున్సిపాలిటీ ఇచ్చే వీధి వ్యాపారి గుర్తింపు కావాలి.

చేతివృత్తులవాళ్ల కోసం పెట్టిన పీఎం విశ్వకర్మ గురించి కూడా అడుగుతున్నారు. అందులో 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షలు, పనిముట్లకి 15 వేలు ఇస్తారు. కానీ అందులో ఉన్న 18 వృత్తుల్లో మనం లేము. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ, మంగలి, చాకలి, తాళాలు చేసేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు ఉన్నారు, ఉండాలి కూడా. చేత్తో, పనిముట్లతో, గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే పని మనదీ అదే కదా? 2022లో కేంద్రమే రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, వస్తువులు పారెయ్యకుండా బాగుచేసుకోండి అని చెప్పింది. బాగుచేసే మనిషిని కూడా ఆ వృత్తుల పక్కన చేర్చాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. పందొమ్మిదో వృత్తిగా ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌ని పెట్టమని మన అసోసియేషన్లు అడగాలి.

మోసాల విషయం. ముద్రకి ఏజెంట్లు ఎవరూ లేరు. "మీకు ముద్ర లోను పది లక్షలు అప్రూవ్ అయింది, 4,500 కట్టండి" అని ముద్ర గుర్తుతో వాట్సాప్‌లో వచ్చే లెటర్లు నకిలీవి, ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ విభాగం చాలాసార్లు చెప్పింది. లోను రాకముందే డబ్బు అడిగారంటే అక్కడే ఫోన్ పెట్టెయ్యండి. దరఖాస్తు నేరుగా బ్రాంచిలో ఇవ్వొచ్చు, లేదా జనసమర్థ్ అనే ప్రభుత్వ లోన్ల పోర్టల్‌లో పెట్టొచ్చు. నా అనుభవంలో పోర్టల్‌లో పెట్టినా ఆఖరికి బ్రాంచిలోనే తేలేది, కానీ పోర్టల్‌లో పెడితే దరఖాస్తు నంబరు ఉంటుంది, "మీ ఫైలు మా దగ్గరకి రాలేదు" అనే మాట రాదు.

చేత్తో ఇచ్చినా రసీదు తీసుకోండి. ఆర్‌బీఐ రూలు ప్రకారం 25 లక్షల లోపు చిన్న వ్యాపార రుణాలపై, కాగితాలన్నీ ఇచ్చాక, బ్యాంకు 14 పనిదినాల్లోపు ఏదో ఒకటి తేల్చాలి. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. మా దగ్గర జరిగేది వేరు, "మేనేజరు లీవు", "టార్గెట్ అయిపోయింది", "మార్చి తర్వాత రండి" అని నోటి మాటలతో తిప్పుతారు. కారణం రాసివ్వమని కాగితం పెట్టినప్పుడు చాలా ఫైళ్లు కదలడం నేను చూశాను. అప్పటికీ కదలకపోతే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చెయ్యొచ్చు, 14448 నంబరుకి ఫోన్ చేస్తే ఎలా చెయ్యాలో చెబుతారు. లోను ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు నిర్ణయమే, దాన్ని అంబుడ్స్‌మన్ మార్చరు. తాకట్టు అడగడం, పాలసీ అంటగట్టడం, జవాబు ఇవ్వకపోవడం లాంటివాటి మీద ఫిర్యాదు చెయ్యండి.

ఎవరు తీసుకోకూడదో కూడా చెప్పాలి. షాపు పెట్టి ఆరు నెలలు కాకుండా, ఇంకా లేబర్ రేట్లే కుదరకుండా మెషీన్ల కోసం పరుగెత్తొద్దు. పాత అప్పులు తీర్చడానికి, చెల్లెలి పెళ్లికి, అడ్వాన్సు ఎక్కువున్న పెద్ద షాపులోకి మారడానికి ఈ లోను వాడితే కట్టడం కష్టం, ఎందుకంటే వాటిలో ఏదీ నెల నెలా డబ్బు తేదు. నా లామినేషన్ మెషీన్ మీద పని మొదలైన మూడో నెల నుంచి ఈఎంఐ ఆ ఒక్క మెషీన్ లేబరే కట్టేస్తోంది, మిగతా షాపు ఆదాయం ముట్టుకోవాల్సిన పని రాలేదు. మొదటి మూడు నెలలు వడ్డీ మాత్రమే కట్టే వెసులుబాటు అడిగి పెట్టించుకున్నాను, కొత్త మెషీన్ మీద చెయ్యి కుదరడానికి ఆ టైము కావాలి, మీరు కూడా అడగండి. 2026 జనవరి 1 తర్వాత మంజూరైన ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) లోన్లకి చిన్న వ్యాపారుల దగ్గర ముందే తీర్చినందుకు బ్యాంకులు చార్జీ వసూలు చెయ్యకూడదు, దసరా, దీపావళి సీజన్లో నాలుగు డబ్బులు ఎక్కువొస్తే అసలులో కట్టేసుకోవచ్చు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ముద్ర తీసుకుని సరిగ్గా తీర్చేసి, మూడేళ్లుగా లాభాల్లో ఉన్న యూనిట్లకి పెంచుకోవడానికి పీఎంఈజీపీలోనే రెండో లోను ఉంది, సర్వీసు రంగంలో 25 లక్షల దాకా, 15 శాతం సబ్సిడీతో. నాది తీరాక టీవీ ప్యానెల్ (స్క్రీను) బాగుచేసే బాండింగ్ మెషీన్ కోసం దానికే వెళ్తాను. ఇప్పుడు మా చుట్టుపక్కల టీవీ ప్యానెల్ పోయిందంటే కస్టమరు కొత్త టీవీ కొనుక్కోవాల్సిందే, ఆ పని చేసేవాళ్లు ఇక్కడ లేరు. ఎవరైనా ఈ రెండో లోను తీసుకున్న రిపేరు షాపువాళ్లు ఉంటే, ఏ కాగితాలు అడిగారో, సబ్సిడీ ఎన్నాళ్లకి జమైందో రాయండి.